జీవరాజ్ మెడ, ఉస్తాద్ తువ్వాల

ఆ ఏడు వానలు మొదలై బడులు తెరిచిన రెండో వారంలో జీవరాజ్ మెడ పట్టుకుంది.

నడుస్తున్నంతసేపు ఏమీ లేదు. తింటున్నంతసేపు ఏమీ లేదు. రెండు చేతులూ తల మీదికి ఎత్తితే చాలు, ఎడమ చెవి కింద నుంచి వీపు రెక్క దాకా ఎవరో తాడు కట్టి బిగించినట్టు ఉండేది. చేతులు దించినా ఆ తాడు ఒక పూట వదిలేది కాదు.

మరో మనిషైతే చేతులు ఎత్తకుండా ఊరుకునేవాడు. జీవరాజ్‌కు చేతులు ఎత్తడమే ఉద్యోగం. బీదర్ మంగల్‌పేటలో క్రైస్తవుల మిడిల్ స్కూలుకు అతను డ్రిల్ మాస్టర్. పొద్దున ప్రార్థన అయ్యాక అరవై మంది పిల్లల ఎదుట బల్ల మీద నిలబడి, చెక్క డంబెల్స్ పట్టుకుని, ఏక్ అని భుజాల దాకా, దో అని తల పైకి, తీన్ అని మళ్లీ భుజాలకు, చార్ అని కిందికి. ఇలా నూరు సార్లు. అతను చేసింది చూసి పిల్లలు చేసేవాళ్లు.

ఉద్యోగం కూడా పూర్తిగా అతనిది కాదు. రెండేళ్లుగా టెంపరరీ. బడి పెద్ద టీచరమ్మ సుందరాబాయి అతన్ని పిలిచి విషయం ఉన్నదున్నట్టు చెప్పింది. జులై నెలాఖరున గుల్బర్గా నుంచి ఇన్స్పెక్టర్ వస్తాడు. డ్రిల్ చూస్తాడు. నచ్చితే జీవరాజ్ పేరు పర్మనెంట్ రిజిస్టరులోకి ఎక్కుతుంది. నచ్చకపోతే అక్కడి నుంచే ట్రైనింగ్ అయిన మనిషిని పంపుతాడు. జీవరాజ్ చదువు ఎనిమిదో తరగతి, అదీ ఉర్దూలో. ఊరు మైసూరు రాష్ట్రంలో కలిసి ఏడేళ్లయింది, ఆఫీసులన్నీ కన్నడంలోకి మారిపోయాయి. భుజాలు తప్ప అతని దగ్గర వేరే సర్టిఫికెట్ లేదు.

ఇన్స్పెక్టర్ వస్తాడని తెలిసిన రోజు నుంచి జీవరాజ్ కసరత్తు రెట్టింపు చేశాడు. మెడ పట్టింది అందుకే అని మొదట అనుకున్నాడు.

ఆ భుజాలు అతనికి పుట్టుకతో వచ్చినవి కావు. తండ్రి ఏసప్ప చిమ్కోడ్ దారిలో ఎర్రరాయి కొట్టేవాడు. దిట్టమైన మనిషి. కొడుకు మాత్రం చిన్నప్పుడు పుల్లలా ఉండేవాడు. తండ్రి కొట్టిన రాయి ఒకటి ఎత్తబోయి దానిమీదే పడ్డాడని ఇంట్లో చాలాకాలం చెప్పుకున్నారు. తండ్రి జ్వరంతో పోయాక తల్లి దయమ్మ స్కూలు హాస్టల్లో వంటకు కుదిరింది. జీవరాజ్‌కు పని దొరకలేదు. రోజూ చౌబారా వెనక సందులో ఉన్న తాలీం గోడ ఎక్కి కూర్చుని లోపల కుస్తీ పట్టేవాళ్లను చూసేవాడు.

తాలీం ఉస్తాద్ రాచయ్య. బగ్దల్ నుంచి వచ్చి ఊళ్లో పిండి గిర్నీ నడుపుతున్న మనిషి. పగలంతా గిర్నీలో ఉండటం వల్ల మీసం ఎప్పుడూ తెల్లగానే ఉండేది. వయసుతో నెరిసినప్పుడు కూడా ఎవరూ గమనించలేదు. ఒకరోజు ఆయన గోడ మీది కుర్రవాణ్ణి చూసి, చూసేవాళ్లు లోపలికి రావాలి, లేదంటే దిగాలి, గోడ పాతది అన్నాడు. జీవరాజ్ లోపలికి దిగాడు.

అక్కడ అతనికి నచ్చింది కుస్తీ కాదు, ముగ్దర్లు. చేతికొకటి పట్టుకుని, భుజాల వెనక నుంచి తల మీదుగా ముందుకు తిప్పే బరువైన కర్ర గదలు. అవి గాలిలో తిరుగుతుంటే చక్కగా ఒక చప్పుడు వచ్చేది. ఐదేళ్లలో జీవరాజ్ చిన్న జోడీ దాటి, మధ్య జోడీ దాటి, పెద్ద జోడీకి వచ్చాడు. ఒకసారి హాస్టల్ వంటింట్లో అరవై మంది పప్పు ఉన్న దేగిసాను ఒక్కడే పొయ్యి మీంచి దించుతుంటే సుందరాబాయి చూసింది. అంతకు ముందు నెలలోనే పాత డ్రిల్ మాస్టర్ ముసలితనం వల్ల మానేశాడు. అట్లా దొరికింది ఉద్యోగం.

ఇప్పుడు ఆ భుజాల పక్కనే ఉన్న మెడ ఎదురు తిరిగింది.

మొదట మందు చేసింది పక్కింటి బక్కమ్మ. తల కింది దిండును ఎండలో పెడితే మెడ పట్టు పోతుందని ఆమె గట్టి నమ్మకం. మృగశిర దాటింది, ఎండ లేదు. మబ్బు తొలగినప్పుడల్లా దయమ్మ దిండు పట్టుకుని పెరట్లోకి పోవడం, చినుకు పడగానే తిరిగి రావడం. మూడు రోజులకు దిండు తడిసింది, మెడ అట్లాగే ఉంది. తర్వాత దయమ్మ ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టి కాపడం పెట్టింది. ఆముదం రాసింది. దవాఖానా కాంపౌండర్ ఒక సీసా ఇచ్చాడు. అది రాసుకుంటే మంట తెలిసేది, మంట ముందు నొప్పి తెలిసేది కాదు. మంట చల్లారాక నొప్పి అక్కడే ఉండేది.

ఆఖరికి మంగలి సిద్దప్ప దగ్గరికి పోయాడు. సిద్దప్ప క్షవరం చేశాక తల రెండు చేతులా పట్టి, మాటల్లో పెట్టి, మనిషి ఏమరుపాటుగా ఉన్నప్పుడు ఒక్క తిప్పు తిప్పేవాడు. మెడ టప్పుమనేది. చాలామంది ఆ చప్పుడు కోసమే వచ్చేవాళ్లు. జీవరాజ్ మెడ కుడికి తిప్పితే చప్పుడు రాలేదు. ఎడమకు తిప్పబోతే అది అప్పటికే ఎడమకు పోయి ఉంది.

"నీ మెడ నాకంటె ముందే తిరుగుతాంది, జీవన్నా" అన్నాడు సిద్దప్ప. "గిట్లాంటి మెడ నా చేతికి ఇప్పటిదాంక రాలే."

ఆ మాట జీవరాజ్ అప్పుడు పట్టించుకోలేదు.

పది రోజులు గడిచేసరికి కుడి పక్క నుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పుతున్నాడు. పిల్లలు ఎడ్లబండి సార్ అని పేరు పెట్టారు. బండి మళ్లాలంటే ఎడ్లు, కాడి, చక్రాలు అన్నీ మళ్లాలి కదా. ఆ పేరు అతని చెవిన పడింది. బాగుందనే అనుకున్నాడు, కానీ ఇన్స్పెక్టర్ రావడానికి నాలుగు వారాలే ఉంది.

ఒక సోమవారం పొద్దున నొప్పి మరీ ఎక్కువై అతను డంబెల్స్ ముట్టలేదు. బల్ల మీద చేతులు నడుముకు పెట్టుకుని నిలబడి లెక్క మాత్రం చెప్పాడు. పిల్లలకు డ్రిల్ అలవాటే.

ఏక్ అన్నాడు. అరవై జతల డంబెల్స్ భుజాల దాకా వచ్చాయి.

దో అన్నాడు. అవి తలల పైకి లేచాయి. వాటితో పాటు అరవై తలలూ ఒక్కసారే వంటింటి వైపుకు తిరిగాయి.

తీన్ అన్నాడు. చేతులు దిగాయి, తలలు ముందుకు వచ్చాయి. మళ్లీ దో. మళ్లీ అరవై ముక్కులూ వంటింటి వైపే. కోడిపిల్లల గుంపు ఒకేసారి గద్దను చూసినట్టు.

రెండేళ్లలో అతను ఇది చూడటం అదే మొదలు. డ్రిల్ ఆపించాడు. వంటింట్లోంచి పప్పు తాలింపు వాసన వస్తోంది. ఆకలి మీద ఉన్నారేమో అనుకున్నాడు. ముందు వరసలో హేబ్సిబా అని ఆరో తరగతి పిల్ల ఉంది. అడిగిన దానికి ఉన్నమాట చెప్పే పిల్ల. ఆమెను అడిగాడు.

"అందరు వంటింటి దిక్కు ఎందుకు చూస్తుండ్రు? ఆకలైతాందా?"

"ఆకలి లేదు సార్. మీరు చూస్తరు గద, అందుకే చూస్తున్నం."

"నేనెప్పుడు చూసిన?"

"చేతులు ఎత్తినప్పుడల్ల చూస్తరు. రోజు చూస్తరు. చేతులు ఎత్తుడు, మొకం తిప్పుడు, రెండు కలిపితెనే దో అని మేం నేర్చుకున్నం."

వెనక వరసల్లో ఎవరూ నవ్వలేదు. అది డ్రిల్లులో భాగమేనని వాళ్లందరూ నమ్ముతున్నారని జీవరాజ్‌కు అర్థమైంది. వట్టి చేతులు తల మీదికి ఎత్తి చూసుకున్నాడు. ఎత్తుతుండగానే గడ్డం ఎడమ భుజం వైపు జరిగింది. తాడు బిగుసుకుంది. కళ్ల ఎదుట వంటింటి పొగగొట్టం కనిపించింది. ఇన్నాళ్లూ అతని తల అటు తిరిగి ఉండటం వల్లనే పిల్లల తలలు ఎటు తిరిగాయో చూడలేదు. మెడ నేరుగా పెట్టి మళ్లీ ఎత్తాడు. సగం దాకా నేరుగానే ఉంది. ఆ తర్వాత దానికదే తిరిగింది.

ఎందుకు తిరుగుతోందో అప్పుడు గుర్తొచ్చింది. ఏడేళ్ల కిందటి సంగతి.

తాలీముకు మొదటి రోజు పోతుంటే దయమ్మ అతన్ని గడప దగ్గర ఆపింది. వాళ్లది రెండు తరాలుగా చర్చికి పోయే ఇల్లు. తాలీంలో గోడకు గూడు ఉంటుందని, అందులో ఆంజనేయుడి పటం, పటం ముందు దీపం ఉంటాయని ఆమె విన్నది. కసరత్తు చెయ్యి, కండలు పెంచు, గూటి దిక్కు మాత్రం చూడకు, మాట ఇవ్వు అన్నది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, గోడ దిగిన ఉత్సాహంలో ఉన్నాడు. మాట ఇచ్చేశాడు.

తాలీంలో రాచయ్య పెట్టే నియమం కూడా ఒక్కటే. ముగ్దర్లు తిప్పేవాళ్లు దీపానికి వీపు చూపకూడదు, గూటికి ఎదురుగానే నిలబడాలి. దండం పెట్టమని ఆయన ఎవరినీ అడగలేదు. నిలబడితే చాలు.

జీవరాజ్ ఇద్దరి మాటా నిలబెట్టాడు. ఒళ్లు ఉస్తాద్ చెప్పినట్టు గూటికి ఎదురుగా పెట్టాడు. మొహం అమ్మకు చెప్పినట్టు పక్కకు తిప్పుకున్నాడు. ఏడేళ్లు అట్లాగే ముగ్దర్లు తిప్పాడు. చిన్న జోడీని మెడ సహించింది. మధ్య జోడీనీ సహించింది. పెద్ద జోడీ రోజుకు రెండు పూటలు తిప్పి, ఆ పైన పిల్లలతో డ్రిల్లు చేసేసరికి ఇంక సహించలేదు.

సంగతి తెలిసింది. దారి మాత్రం దొరకలేదు. మెడ నేరుగా పెట్టడం నేర్చుకోవాలంటే ముగ్దర్లు పట్టి తాలీంలోనే నేర్చుకోవాలి. అక్కడ నేరుగా చూస్తే ఎదురుగా ఉండేది గూడే. అమ్మ వచ్చి చూడదు. చెప్పకుండా చూసేయొచ్చు. ఆ రోజంతా జీవరాజ్ ఆ ఆలోచనతోనే తిరిగాడు. సాయంత్రం తాలీముకు పోయి, ముగ్దర్లు పట్టుకుని, గూటికి ఎదురుగా నిలబడి, ఇప్పుడు చూస్తాను అనుకున్నాడు. మెడ ఎడమకే తిరిగింది. దాని మాట మీద అది నిలబడింది.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాడు.

దయమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. మొత్తం విన్నది. ఏడేళ్లా అని ఒకసారి అడిగింది. మళ్లీ బియ్యం ఏరింది. పోనీ చూడు అని ఆమె అనలేదు. ఆ మాట కొడుకు తనకు ఒక్కదానికే కాదు, దేవుడికీ ఇచ్చినట్టు ఆమె అనుకుంది. అట్లాగని ఇన్స్పెక్టర్ సంగతి ఆమెకు తెలియనిదీ కాదు. బియ్యం అంతా ఏరాక చాట పక్కన పెట్టింది.

"నీ మాట నువ్వు తప్పకు. మీ ఉస్తాదుతోని నేను మాట్లాడుత" అన్నది.

తెల్లవారి దయమ్మ నెత్తిన కొంగు కప్పుకుని తాలీముకు పోయింది. తాలీం పుట్టిన నాటి నుంచి ఆడమనిషి ఆ గుమ్మం దగ్గరికి వచ్చింది లేదు. లోపల లంగోటాల మీద ఉన్నవాళ్లు ఎవరికి దొరికిన చోటికి వాళ్లు దూకారు. ఇద్దరు గోడ అవతలికి దూకారు. ఒకడు మట్టిలోనే బోర్లా పడుకున్నాడు. ముగ్దర్లు పట్టుకుని జీవరాజ్ ఒక్కడు మిగిలాడు. అతను నిక్కరులో ఉన్నాడు కనుక.

రాచయ్య గుమ్మం పక్కన, ఎడమ చేతి వైపు, ఎప్పుడూ కూర్చునే స్టూలు మీదనే ఉన్నాడు. దయమ్మ గడప బయట నిలబడింది. గూడు కనబడకుండా మొహం పూర్తిగా అవతలి పక్కకు తిప్పుకుని, సందులో ఉన్న మేకతో మాట్లాడుతున్నట్టు జరిగిందంతా చెప్పింది.

రాచయ్య మొదట ఆమె మెడను చూశాడు. తర్వాత కొడుకు మెడను చూశాడు.

"దయమ్మా, మీ ఇంట్ల అందరి మెడలు గిట్లనేనా?" అన్నాడు.

గోడ అవతలి నుంచి ఎవరో నవ్వారు. దయమ్మ కూడా నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. రాచయ్య జీవరాజ్ వైపు తిరిగాడు.

"ఏడేండ్లు నువ్వు నన్ను చూస్తున్నవ్ అనుకున్నరా. నేను ఈడ కూసుంట, నీ మొకం ఈడికే ఉంటది. ఉస్తాద్ మీద ఎంత అదబ్, ఎంత మర్యాద అనుకున్న. గీళ్లందరికి చెప్పిన, జీవరాజ్‌ను చూసి నేర్చుకోండ్రి అని."

 జీవరాజ్ ముగ్దర్లు కింద పెట్టాడు. రాచయ్యకు కోపం వచ్చినట్టు లేదు. కొద్దిగా చిన్నబోయినట్టు మాత్రం ఉంది. కాసేపు మీసం దులుపుకున్నాడు. పిండి రాలింది. లేచి గూటి పక్కకు పోయి, మూరెడు ఎడంగా, జీవరాజ్ కళ్ల ఎత్తులో గోడకు ఒక మేకు కొట్టాడు. భుజం మీది తువ్వాల తీసి ఆ మేకుకు తగిలించాడు.

"ఒళ్లు ఇట్లనే ఉండనీ. కండ్లు నా తువ్వాల మీద పెట్టు. దీపానికి వీపు కాదు, గూటికి చూపు కాదు." గుమ్మం వైపు తిరిగి అడిగాడు. "దయమ్మా, నా తువ్వాలతోని నీకేమన్న అడ్డమున్నదా?"

దయమ్మ మొహం కొద్దిగా, ఎంత అవసరమో అంతే, ఇటు తిప్పింది. గూటికి అరచేయి అడ్డం పెట్టుకుని తువ్వాలను చూసింది. దాని మీద గిర్నీ పిండి, తాలీం మట్టి, చెమట పొరలు పొరలుగా ఉన్నాయి.

"అడ్డమేం లేదు రాచయ్యన్నా" అన్నది. "ఉతుకుతె మంచిగుంటది."

ఆ రోజే దాన్ని ఇంటికి తెచ్చి హాస్టల్ దుప్పట్లతో పాటు చాకలి సోడా వేసి ఉడకబెట్టింది. మర్నాడు అది మేకుకు తెల్లగా వేలాడింది. తన తువ్వాల అంచుకు నీలం గీత ఉందని రాచయ్యకు అప్పుడు తెలిసింది.

చూపుకు చోటు దొరికింది కానీ మెడకు బుద్ధి చెప్పడానికి మరో మూడు వారాలు పట్టింది. రాచయ్య పెద్ద జోడీ మాన్పించి చిన్న జోడీ చేతికి ఇచ్చాడు, కొత్తగా వచ్చిన కుర్రాళ్లు తిప్పేది. జీవరాజ్ సిగ్గుపడ్డాడు. రాచయ్య పట్టించుకోలేదు. ఇన్నాళ్లు స్టూలు మీద కూర్చుని చూసిన మనిషి ఇప్పుడు లేచి చుట్టూ తిరిగి చూశాడు. చూస్తే మరో తప్పు కనిపించింది. చేతులు పైకి లేస్తుంటే జీవరాజ్ భుజాలు కూడా చెవుల దాకా లేస్తున్నాయి.

"నీ భుజాలు చెవులతోని ముచ్చట పెడుతున్నయ్. దించు" అనేవాడు. "బరువు చేతులది, భుజాలది. మెడకు ఏం పని? తలకాయ మోస్తాంది, అది చాలదా దానికి?"

మొదటి వారం తువ్వాల మీద చూపు పది తిప్పులకు మించి నిలవలేదు. పదకొండో తిప్పుకు కళ్లు తువ్వాల మీదే ఉండేవి, మెడ మాత్రం మెల్లగా జరిగేది. రాచయ్య అరిచేవాడు కాదు. వేలితో గడ్డం పట్టి మళ్లీ ముందుకు పెట్టేవాడు, గిర్నీలో తూకం ముల్లు సరిచేసినట్టు. పళ్లు బిగపట్టవద్దని, ఊపిరి ఆపవద్దని, నొప్పి మొదలు కాకముందే ఆపాలని, మొదలయ్యాక కాదని చెప్పేవాడు. రెండో వారానికి యాభై తిప్పులు అయ్యాయి. తాడు రోజురోజుకు వదులైంది. కుడి పక్క నుంచి హేబ్సిబా పిలిస్తే ఒకరోజు ఒళ్లు తిప్పకుండా తల ఒక్కటే తిప్పాడు. ఎడ్లబండి సార్ పేరు పోతుందని పిల్లలు బెంగపడ్డారు.

బడిలో కూడా పిల్లలకు మళ్లీ నేర్పాడు. దో అంటే చేతులు ఎత్తడం ఒక్కటే, మొహం తిప్పడం లేదు అని చెప్పాడు. కొందరికి ఇది నచ్చలేదు. పాత పద్ధతే అందంగా ఉందన్నారు. వాళ్ల మెడలు చిన్నవి, నాలుగు రోజుల్లో మళ్లాయి. వాళ్లు అతన్ని చూసి చేస్తారు, అతను నేరుగా ఉంటే వాళ్లు నేరుగా ఉంటారు. కష్టమంతా అతనిదే. తాలీంలో తువ్వాల ఉంది. బడిలో అతని ఎదుట పిల్లల తలల మీదుగా ఒట్టి ఎర్రరాతి గోడ ఉంది, అంత పొడుగు. దాని మీద చూపు ఎక్కడ ఆనాలో తెలియక జారేది. జారితే ఎడమకే.

ఇన్స్పెక్టర్ వచ్చిన రోజు వాన లేదు. పొడుగాటి కోటు, నల్ల గొడుగు, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఎండ తగలకుండా ఆయన కుర్చీని వంటింటి నీడలో వేశారు. బల్ల మీద నిలబడి చూస్తే జీవరాజ్‌కు కచ్చితంగా ఎడమ చేతి వైపు. సుందరాబాయి ఆయన పక్కనే నిలబడింది. వంటింటి కిటికీలోంచి దయమ్మ చూస్తోంది. అతని బతుకులో ముఖ్యమైన వాళ్లంతా ఎడమ పక్కనే పోగయ్యారు.

డంబెల్స్ తీసుకున్నాడు.  ఎదురుగా గోడ. చూపు ఆనించడానికి ఒక రాయి ఎంచుకున్నాడు. పక్క రాయి కూడా అట్లాగే ఉంది. దాని పక్కదీ అట్లాగే ఉంది. మెడ కింద తాడు మెల్లగా కదలడం తెలిసింది.

అప్పుడు గోడ అవతలి నుంచి ఒక రుమాలు చుట్టిన తల లేచింది. కింద మీసం. గిర్నీ వేళలో గిర్నీ మూసి వచ్చాడంటే ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఆ పూట రొట్టెలు ఆలస్యమయ్యాయో.  రాచయ్య తాలీం మేకు నుంచి తెచ్చిన తువ్వాలను భుజం మీంచి తీసి, రెండు చేతులా విదిలించి, గోడ మీద ఆరవేసినట్టు ఆరవేశాడు. నీలం అంచు ఇటు పడింది.

జీవరాజ్ ఏక్ అన్నాడు.

దో అన్నాడు. అరవై జతల చేతులు నేరుగా లేచాయి. అరవై మొహాలు నేరుగా ఉన్నాయి. జీవరాజ్ కళ్లు నీలం గీత మీద ఉన్నాయి. నలభై దాటాక భుజాలు చెవుల వైపు బయలుదేరాయి. దించాడు. ఎనభై దగ్గర మెడలో తాడు ఒకసారి పలకరించింది. ఊపిరి వదిలాడు. అదీ వదిలింది. నూరు అయ్యాక డంబెల్స్ కింద పెట్టి, అప్పుడు తల ఎడమకు తిప్పి, ఇన్స్పెక్టరుకు నమస్కారం చేశాడు.

ఇన్స్పెక్టర్ కన్నడంలో సుందరాబాయిని ఏదో అడిగాడు. ఆమె మొహం కొంచెం వాడింది. దగ్గరికి వచ్చి జీవరాజ్‌కు తెలుగులో చెప్పింది. తాను అరగంటగా ఇక్కడే కూర్చుని ఉంటే డ్రిల్ మాస్టర్ ఒక్కసారి కూడా ఇటు ఎందుకు చూడలేదని అయ్యగారు అడుగుతున్నారు. గర్వమా అంటున్నారు.

జీవరాజ్ ఆలోచించాడు. తాలీం, గూడు, అమ్మ, సిద్దప్ప, అంతా కన్నడంలోకి మారడం కష్టమనిపించింది.

"నేను అటు చూస్తె అరవై మంది అటే చూస్తరు, సార్" అన్నాడు.

సుందరాబాయి ఆ మాటను కన్నడంలో చెప్పింది. ఇన్స్పెక్టర్ కొంతసేపు పిల్లలను చూశాడు. నవ్వలేదు. కలం తీసి పొడుగ్గా ఏదో రాశాడు. సెప్టెంబరులో కాగితం వచ్చింది. జీవరాజ్ పేరు కన్నడ అక్షరాల్లో ఉంది. హేబ్సిబా చదివి చెప్పింది.

ఆ తర్వాత అతను ముప్పై రెండేళ్లు డ్రిల్ మాస్టరుగా ఉన్నాడు. రాష్ట్రం పేరు కర్ణాటక అయినప్పుడు బడి బోర్డుకు కొత్త రంగు వేశారు. బల్లకు ఎదురుగా బడి గోడకు జీవరాజ్ కొట్టుకున్న మేకును మాత్రం ఎవరూ కదపలేదు. పొద్దున ప్రార్థన కాగానే జీవరాజ్ గోడ దాకా నడిచిపోయి ఆ మేకుకు ఒక తువ్వాల తగిలించి వచ్చి బల్ల ఎక్కేవాడు. ఎందుకని పిల్లలు అడిగేవాళ్లు కాదు, బడి అన్నాక తువ్వాల ఉంటుందని అనుకునేవాళ్లు. ఒకసారి కొత్తగా వచ్చిన హెడ్మాస్టర్ బడి గోడల మీద బట్టలు ఆరవేయవద్దని నోటీసు పెట్టాడు. జీవరాజ్ తువ్వాల తీసేశాడు. రెండు రోజులు డ్రిల్ చూసి ఆ హెడ్మాస్టరే దాన్ని మళ్లీ తగిలించమన్నాడు.

తాలీంలోని తువ్వాల సంగతి వేరు. తాలీంలో శనివారం పూజ. అందుకని ప్రతి శుక్రవారం సాయంత్రం దయమ్మ వెళ్లి దాన్ని తీసుకునేది, శనివారం పొద్దున ఉతికి ఆరవేసింది తెచ్చి ఇచ్చేది. గడప బయటే నిలబడి, మొహం మేక ఉండే వైపు తిప్పుకుని, చేయి మాత్రం లోపలికి చాపేది. రాచయ్య తువ్వాల తీసి ఆ చేతికి అందించేవాడు. మెడ జాగ్రత్త దయమ్మా అనేవాడు. ఆమె ఉన్నన్నాళ్లూ అన్నాడు.